చెరువుకు వేసిన మందు

వెంకటదుర్గ కుడిచేతి వేళ్ళ సందున పసుపుపచ్చటి మరక చూసి డాక్టరు శ్రీకళ గారు "ఇదేంటండీ?" అని అడిగినప్పుడు, పక్కనే నిలబడ్డ ఆమె భర్త నాగదుర్గాప్రసాద్ "పసుపండి. ఇంట్లో అద్దుకొచ్చేం" అన్నాడు. యాభై రెండేళ్ళ జీవితంలో ఆయన ఆడిన అబద్ధాల్లో అంత చిన్నది లేదు, అంత చేటు చేసిందీ లేదు.

ప్రసాద్ అబద్ధాలకోరు కాదు. ఆ మాట ముందుగా చెప్పాలి, ఎందుకంటే కాసేపట్లో మీరు ఆయన్ని తిట్టుకోబోతున్నారు. ఉప్పలగుప్తం దగ్గర ఆయనకున్న మూడెకరాలూ ఒకప్పుడు వరిచేలు. ఉప్పునీరు ఎగదన్ని ఏటికేడాది పంట తాలుపోతుంటే, వాళ్ళ నాన్నగారితో వారం రోజులు మాటల్లేకుండా ఉండి మరీ చేను తవ్వించి రెండు రొయ్యల చెరువులు చేశాడు. మొదటి పంట వైరస్‌కి పోయింది. రెండోది సగం పోయింది. మూడో పంట నుంచి చెరువు ఆయన మాట వినడం మొదలుపెట్టింది. నీళ్ళ రంగు చూసి లోపలేం జరుగుతోందో చెప్పేవాడు. నెలకి రెండుసార్లు నీళ్ళు ఆక్వా ల్యాబుకి పట్టుకెళ్ళి, గాజు ప్లేటులో పెరిగిన చుక్కల్ని ల్యాబువాళ్ళ కంటే ముందు తనే లెక్కపెట్టేవాడు. ఆకుపచ్చ చుక్కలు ఎక్కువైతే విబ్రియో బాక్టీరియాలో చెడ్డరకం ముదిరిందని అర్థం, రొయ్యకి గండం.

చుట్టుపక్కల ఏ గట్టు మీద కష్టమొచ్చినా "ప్రసాద్ గారిని పిలవండి" అనేవారు. ఆయన వెళ్ళి నడుం మీద చేతులు పెట్టుకుని ఉపన్యాసం అందుకునేవాడు. రొయ్యలకి చెవులుంటే అవి కూడా ఊకొట్టేవని వెనక నవ్వుకునేవారు గానీ, చెప్పింది మాత్రం చేసేవారు. ఆ ఉపన్యాసాల్లో ఎప్పుడూ ఉండే ముక్క ఒకటుంది. "యాంటీబయోటిక్కులు చెరువులో వెయ్యకండి బాబూ. ఒక్కడు వేసేడంటే పైదేశం వాళ్ళు పరీక్షలో పట్టేస్తారు, ఊరందరి సరుకూ వెనక్కొస్తది." నిషేధించిన మందుల పేర్లున్న పోస్టరు కూడా ఆయన షెడ్డు తలుపుకే అంటించి ఉంది.

ఆ తలుపు లోపల, మేత బస్తాల వెనక, టెట్రాసైక్లిన్ జాతి యాంటీబయోటిక్ పొడి డబ్బా ఒకటి ఉంది.

ఈసారి పంటలో రొయ్యలకి పేగు తెల్లబడి మేత మానేశాయి. రోజూ పొద్దున్నే నీళ్ళ మీద నాలుగైదు తేలుతుంటే ప్రసాద్‌కి అన్నం సయించలేదు. ఊరందరికీ ధైర్యం చెప్పే మనిషి తన చెరువు దగ్గరికొచ్చేసరికి బెంబేలెత్తిపోయాడు. పొడిని బెల్లం నీళ్ళతో మేతకి పట్టించి మూడు దఫాలు వేశాడు. రొయ్యలు పట్టి అమ్మే పట్టుబడికి నెల ముందు ఆపేస్తే పరీక్షలో కనబడదని ఆయన ధీమా. అంతకు ముందు పంటకి ఇంకో జాతి మందు వేసి అలాగే గట్టెక్కాడు. ఈ సంగతి వెంకటదుర్గకి తప్ప ఇంకెవరికీ తెలీదు. ఎందుకంటే మేతలో కలిపింది ఆవిడే.

సోమవారం పొద్దుట వెంకటదుర్గ చెక్ ట్రే పైకి లాగింది. వేసిన మేత తింటున్నాయో లేదో చూడ్డానికి నీళ్ళలో దింపే వల పళ్ళెం అది. దాంట్లోంచి ఎగిరిన రొయ్య ఒకటి ఆమె కుడిచేతి ఉంగరపు వేలికీ చిటికెన వేలికీ మధ్య గుచ్చుకుంది. రొయ్య తల మీద రంపంలాంటి కొమ్ముంటుంది. చెరువుల మీద బతికేవాళ్ళకి ఆ పోట్లు లెక్కలోవి కావు. కాకపోతే వెంకటదుర్గకి పదేళ్ళుగా షుగరుంది. ప్రసాద్ చెయ్యి కడిగించి, షెడ్డులోకెళ్ళి, ఆ డబ్బా మూత తీశాడు. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో క్యాప్సూలు విప్పి పుండు మీద చల్లుకోవడం కొత్తేమీ కాదు. ప్రసాద్ ఓ మెట్టు పైకెక్కాడంతే. క్యాప్సూల్లో ఉండేది చిటికెడు, ఈయన దగ్గర డబ్బా ఉంది.

"మనుషులకిచ్చేదీ ఈ మందే దుర్గా. పైగా ఇది పవరెక్కువ" అంటూ గాయంలోకి పొడి కూరి గుడ్డ కట్టాడు.

సాయంత్రానికి చలిజ్వరం వచ్చింది. తెల్లారేసరికి మణికట్టు దాకా వాచింది. మంగళవారం మధ్యాహ్నం అమలాపురం నర్సింగ్‌హోమ్‌కి చేరేటప్పటికి చేతి వెనక ఊదారంగు బొబ్బ ఒకటి లేచి, వేలు తగిలితే ఆవిడ కెవ్వుమంటోంది.

పసుపు మాట విన్నాక కూడా డాక్టరు గారు వదల్లేదు. బొబ్బలోంచి ల్యాబు కోసం సిరంజితో నీరు తీస్తూనే అడిగారు. "చెరువులో దెబ్బంటున్నారు. చెరువుకి యాంటీబయోటిక్కులేమైనా వాడేరా? ఎప్పుడైనా సరే."

"లేదండి. మేం అటువంటివి వాడమండి."

మంచం మీద వెంకటదుర్గ కళ్ళు తెరిచి భర్త కేసి చూసింది. ఆయన డాక్టరు గారి చేతిలో సిరంజి చూస్తున్నాడు. ఆవిడ మళ్ళీ కళ్ళు మూసుకుంది.

రొయ్యలు కొనే కంపెనీ వాళ్ళు శనివారమే వచ్చి శాంపిళ్ళు పట్టుకెళ్ళారు. శుక్రవారం పట్టుబడి. మందు వాడలేదని ప్రసాద్ సంతకం పెట్టి ఉన్నాడు. నర్సింగ్‌హోమ్‌లో అన్న మాట సాయంత్రానికి గట్ల మీద తిరుగుతుంది. పోస్టరు అంటించుకున్న మనిషే మందు వేశాడని తెలిస్తే మళ్ళీ ఏ గట్టు మీద తలెత్తుకుని నిలబడతాడు? నిజానికి సరుకు పోతుందన్న భయం కంటే, ఆ సిగ్గే ఎక్కువగా ఆయన నోరు కట్టేసింది.

డాక్టరు గారు నల్ల పెన్ను తీసి, ముంజేతి మీద ఎరుపు ఎంతదాకా పాకిందో అక్కడ అడ్డంగా ఓ గీత గీశారు. "ఇది దాటిందంటే వెంటనే చెప్పండి. చెరువునీళ్ళ దెబ్బలకి మామూలుగా పనిచేసే మందులు రెండు మొదలెడుతున్నాం. ఒకటి టెట్రాసైక్లిన్ జాతిది, రెండోది ఇంజెక్షను."

ఆ మొదటి పేరు వినగానే ప్రసాద్‌కి షెడ్డులో డబ్బా గుర్తొచ్చింది. వెంటనే తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. అదే మందు కదా, నేరుగా నరంలోకి ఎక్కిస్తున్నారు, ఇంకా బాగా పట్టుకుంటుంది. చెరువులో రొయ్యల్ని లేపిన మందు మనిషిని లేపదా? ఇంత తెలివైనవాడికి తోచాల్సిన మాట ఒక్కటే ఆ పూట తోచలేదు. మూడు దఫాల మందు తిన్న చెరువులో ఇంకా బతికున్న బాక్టీరియా ఎలాంటిదై ఉంటుందన్నది ఆయన ఆలోచించలేదు.

నాలుగున్నరకి ఎరుపు గీతని తాకింది. ఆరింటికి గీత దాటి వేలెడంత ముందుకెళ్ళింది. నర్సు వచ్చి రెండో గీత గీసి వెళ్ళింది. వెంకటదుర్గ నీళ్ళడిగి, తాగలేక కక్కేసింది. అప్పుడే ఫోను మోగింది. కంపెనీ మనిషి. "శుక్రవారం బండి పంపుతున్నామండి. కూలీల్ని చూసుకోండి."

"ఆయ్, అలాగేనండి" అన్నాడు ప్రసాద్. ఫోను జేబులో పెట్టుకున్నాక తన గొంతు అంత మామూలుగా ఎలా వచ్చిందా అని తనకే అసహ్యం వేసింది.

ఇక ఆగలేక లేచాడు. చెప్పాల్సిన మాట మనసులో రెండుసార్లు కూర్చుకుని డాక్టరు గారి గది దాకా వెళ్ళాడు. గది బయట బెంచీ మీద వాళ్ళ ఊరి సూర్యనారాయణ దగ్గుతూ కూర్చుని ఉన్నాడు. ఆ సూర్యనారాయణే పోయిన పంటలో మందు వెయ్యబోతే, ప్రసాద్ నలుగురిలో నిలదీసి మాన్పించాడు.

"అదేంటండీ ప్రసాద్ గారూ, మీరిక్కడున్నారు?" అంటూ సూర్యనారాయణ లేచి నిలబడ్డాడు.

"మా ఆవిడకి చిన్న దెబ్బండి. ఏం లేదు" అన్నాడు ప్రసాద్. అని, వెనక్కి తిరిగి మంచం దగ్గరికొచ్చేశాడు. పది అడుగుల దూరంలో ఉన్న తలుపు తోసి లోపలికెళ్ళి ఉంటే ఏమయ్యేదో తర్వాత ఆయన ఎన్నిసార్లు లెక్కవేసుకున్నాడో ఆయనకే తెలియాలి.

ఆ రాత్రి డాక్టరు గారు బొబ్బ కోసి చీము వదిలించారు. మోతాదు పెంచారు. "పొద్దుటికి ల్యాబు రిపోర్టు వస్తది. అప్పటికీ తగ్గకపోతే చాలా కష్టమండి. చెయ్యి కాదు, మనిషి గురించి చూసుకోవాలి" అన్నారు.

బుధవారం ఏడింటికి మూడో గీత మోచేతికి నాలుగు వేళ్ళ కింద ఉంది. చిటికెన వేలు నల్లబడింది. వెంకటదుర్గ మాట్లాడటం మానేసింది.

ల్యాబులోంచి లిడియా వచ్చింది. రాజోలు అమ్మాయి. మూడేళ్ళ కిందట ఆక్వా ల్యాబులో పనిచేసేటప్పుడు ప్రసాద్ చెరువు నీళ్ళకి ప్లేట్లు పెట్టింది ఈ అమ్మాయే. ఇప్పుడు కూడా ఆమె చేతిలో మూత వేసిన గాజు ప్లేటు ఉంది. వార్డు చివర కిటికీ దగ్గరికి ఆయన్ని పిలిచి వెలుగుకి పట్టి చూపించింది.

"మీకు ప్లేట్లు చదవడం వచ్చు కదండీ, చూడండి. అత్యవసరమన్నారని నిన్న మధ్యాహ్నం బొబ్బలోంచి తీసిన నీటితోనే నేరుగా పెట్టేశాను. ఈ తెల్లబిళ్ళలు ఒక్కోటి ఒక్కో మందు. మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ బాక్టీరియా లేకుండా గుండ్రంగా ఖాళీ రావాలి."

ఐదు బిళ్ళలున్నాయి. నాలుగింటి చుట్టూ ఖాళీ అన్నదే లేదు. బిళ్ళ అంచుల దాకా పాచి పట్టినట్టు పెరిగిపోయింది. ఐదో దాని చుట్టూ కూడా ఏదో వచ్చీరానట్టు సన్నటి అంచు.

"ఈ రెండూ నిన్నటి నుంచి ఎక్కిస్తున్న మందులండి" అంది లిడియా. "రెండూ పనిచెయ్యట్లేదు."

ఇన్నాళ్ళూ ఇలాంటి ప్లేటు చూసి ప్రసాద్ రొయ్యల గురించే కంగారు పడ్డాడు. ఈ ప్లేటులో పెరిగింది వెంకటదుర్గ చేతిలోది.

"ఒక్కటే... ఒక్క మందుకి అలవాటు పడితే, మిగతావాటికి కూడా ఎలా పడతాయమ్మా?" అన్నాడు. నోరు జారింది. లిడియా ఆయన మొహంలోకి సూటిగా చూసింది.

"అలవాటు పడ్డం కాదండి. బాక్టీరియాలో దాని సొంత డీఎన్ఏ కాకుండా, విడిగా ఉంగరంలా ఉండే చిన్న ముక్క ఇంకోటి ఉంటది. ప్లాస్మిడ్ అంటారు. మందుని తట్టుకునే ఉపాయాలు చాలాసార్లు ఆ ఉంగరం మీదే ఉంటాయి. ఒక్కో ఉంగరం మీద నాలుగైదు మందులవి ఉండొచ్చు, తాళంచెవుల గుత్తిలాగ. మనం ఒక మందు వేస్తే, ఆ గుత్తి ఉన్నవే బతుకుతాయి. వాటికి కావాల్సింది ఒక్క తాళంచెవే. కానీ గుత్తంతా వాటితో మిగిలిపోతది. మీరెప్పుడూ వెయ్యని మందుల తాళంచెవులు కూడా."

ప్రసాద్ ప్లేటులో బిళ్ళల్ని మళ్ళీ లెక్కపెట్టాడు.

"అంతటితో ఆగదండి. గుత్తి ఉన్న బాక్టీరియా పక్కదానికి అంటుకుని, ఆ ఉంగరానికి నకలు చేసి ఇచ్చేస్తది. తనది తన దగ్గరే ఉంటది. జాతి వేరైనా చాలావాటికి ఇవ్వగలదు. చెరువు మట్టిలో ఎవరికీ హాని చెయ్యనిది ఉంటది చూడండి, అది కూడా మనిషిని చంపేదానికి ఇచ్చెయ్యొచ్చు. ఈవిడ చేతిలోది మీ చెరువులోనే ఇలా తయారైందా అంటే నేను చెప్పలేను. ఎక్కడైనా అవ్వొచ్చు. నాకిప్పుడు అది కాదు కావాల్సింది." ఆమె గొంతు తగ్గించింది. "డాక్టరు గారు ఇంకో మందుకి మారుస్తున్నారు. ఆ మందు బిళ్ళ ఈ ప్లేటులో లేదు. మళ్ళీ ప్లేటు పెడితే రేపు పొద్దుటికి గానీ తెలీదు. అందాకా మీ ఆవిడ ఆగరు. చెరువుల్లో ఏం జరుగుతదో నాకు తెలుసండి, అక్కడే పనిచేశాను. ఏమేం వేసేరో చెప్పండి. అది తప్పించి ఇంకోటి చూస్తారు."

వార్డులో పదిమంది ఉన్నారు. సూర్యనారాయణ కూడా రిపోర్టుకని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ప్రసాద్ ఆయన్ని చూశాడు. చూసి కూడా గొంతు తగ్గించలేదు, తగ్గించేంత ఓపిక మిగల్లేదు.

"ఈ పంటకి టెట్రాసైక్లిన్ పొడి. మూడుసార్లు వేసేనమ్మా. పోయిన పంటకి ఎన్రోఫ్లోక్సాసిన్. చేతి మీద పెట్టింది పసుపు కాదు. ఆ డబ్బాలో పొడే."

లిడియా మొహం పాలిపోయింది. "ఇప్పుడు మారుస్తున్నది ఆ రెండోదాని జాతి మందేనండీ" అంది. ప్లేటు కిటికీలో పెట్టేసి పరుగెత్తింది.

నర్సు అప్పటికే సీసా విప్పి సిరంజిలోకి ఎక్కిస్తోంది. డాక్టరు గారు అది పక్కన పెట్టించి, చివరికి దాచుకునే పెద్ద మందు తెప్పించారు. గంటలో ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళారు. ప్రసాద్ బయట నేల మీద కూర్చున్నాడు. కుర్చీ ఖాళీగానే ఉంది, దాంట్లో కూర్చునే అర్హత లేదనిపించింది. సూర్యనారాయణ వచ్చి ఏమీ అనకుండా పక్కన కాసేపు కూర్చుని వెళ్ళాడు. తిట్టినా బాగుండేది.

మధ్యాహ్నం డాక్టరు గారు బయటికొచ్చారు. ఉంగరపు వేలు, చిటికెన వేలు, వాటి కింద అరచేయి కొంత తీసేశారు. ఎరుపు మూడో గీత దగ్గర ఆగింది. 

"నిన్న మీరడిగినప్పుడే చెప్పుంటే..." అని ప్రసాద్ అడగబోయాడు. డాక్టరు గారు మాస్కు తీసి, అలసటగా ఆయన కేసి చూశారు. "వేళ్ళు మిగిలేవా అంటే కచ్చితంగా చెప్పలేనండి. కానీ పద్ధెనిమిది గంటలు పనిచెయ్యని మందు ఎక్కించాం. అది మాత్రం నిజం."

గురువారం ప్రసాద్ కంపెనీకి ఫోను చేసి మందు సంగతి తనే చెప్పాడు. వాళ్ళు బండి ఆపేశారు. అదే రోజు గట్ల మీద అందరికీ తెలిసిపోయింది. ఎవరేమనుకుంటారో అని మంగళవారం అంతలా భయపడ్డాడే, ఇప్పుడు ఫోన్ల మీద ఫోన్లు వస్తుంటే ఒక్కటి కూడా ఆయన చెవికెక్కలేదు. వెంకటదుర్గ ఊపిరి పీలుస్తోందా లేదా అన్నదే చూస్తూ కూర్చున్నాడు.

శనివారం సాయంత్రం వెంకటదుర్గకి జ్వరం దిగింది. కట్టులో ఎన్ని వేళ్ళున్నాయని ఎవర్నీ అడగలేదు. ఎడమచేత్తో తడుముకుని తనే తెలుసుకుంది.

"డాక్టరు గారికి అంతా చెప్పేసేను దుర్గా" అన్నాడు ప్రసాద్. తన మీద తనకే ఉన్న కసి కొంచెమైనా తగ్గుతుందని ఆశ పడ్డాడు. "కంపెనీకీ చెప్పేసేను. ఊళ్ళోనూ తెలిసిపోయింది."

"డాక్టరు గారికి ఎప్పుడు చెప్పేరు?"

"బుధవారం పొద్దుట."

"ఆవిడ అడిగింది మంగళవారమండి."

ప్రసాద్ ఉలిక్కిపడ్డాడు. "నీకు అప్పుడు తెలివుందా?"

"ఉంది. మీరు పసుపన్నారు. కాదండీ, డబ్బాలో మందండీ అని నా నోటిదాకా వచ్చింది." ఆవిడ గొంతు తడారిపోయి ఆగింది. ఆయన నీళ్ళు అందించబోతే తల తిప్పుకుంది. "పదిమందిలో మొగుడి మాట తీసెయ్యడం ఎందుకులే అని ఊరుకున్నాను. నా చెయ్యి పోతా ఉంటే మీ పరువు గురించి ఆలోచించేను."

ప్రసాద్ మంచం పట్టీకి నుదురు ఆనించి ఏడ్చాడు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆయన కన్నీళ్ళు పెట్టుకుంటే ఆవిడ ఊరుకోబెట్టకుండా ఉన్నది లేదు. ఆ రోజు ఊరుకోబెట్టలేదు.

రౌండ్సుకి డాక్టరు శ్రీకళ గారు వచ్చారు. కాగితాలు తిరగేస్తూ, పై అధికారులకి రాయాలి, చెరువులో ఏ మందు ఎంత కలిపారో, ఏయే రోజుల్లో వేశారో వివరంగా కావాలన్నారు. ప్రసాద్ కళ్ళు తుడుచుకుని లేచి నోరు తెరిచాడు.

"మీరాగండి" అంది వెంకటదుర్గ. తర్వాత డాక్టరు గారి వైపు తిరిగింది. "కలిపింది నేనండి. అన్నీ నేను చెప్తాను, రాసుకోండి."